సున్నాకి ఒక గది

అక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆమె మడిచి మంచం మీద పెట్టిన ప్రతిదాన్నీ వాళ్ల నాన్న తీసుకుని, ఒకసారి విదిలించి, అంచుకు అంచు కలిపి మళ్లీ మడతపెడుతున్నాడు. ఇది ఇవాళ కొత్తగా మొదలైంది కాదని చూస్తేనే తెలుస్తోంది. ఆమె మడిచేది బట్టల కోసం, ఆయన మడిచేది తన కోసం.

డిటెక్టివ్ గుమ్మం బయట చెప్పులు విప్పి ఆ చేతుల్నే చూస్తూ నిలబడింది. ఎదుటివాళ్లు మాట్లాడేదాకా తను మాట్లాడకపోవడం ఆమె అలవాటు. పోలీసు ఉద్యోగంలో ఆమెకు మంచి పేరు తెచ్చింది ఆ అలవాటే. ఒక్కసారి నోరు విప్పినందుకు ఆ ఉద్యోగం పోయింది.

"వచ్చారా అమ్మా," అన్నాడు ముసలాయన తల ఎత్తకుండానే. కళ్లకు నల్లద్దాలు. ఆపరేషన్ అయ్యాక కూడా ఆయనకు చూపు రాలేదనీ, మనుషుల్ని అడుగుల చప్పుడుతో పోల్చుకుంటాడనీ అక్క ముందే చెప్పింది. "మా చిన్నాణ్ణి తీసుకొస్తున్నారట కదా?"

"తీసుకొస్తున్నారండీ. పైగదిలో అన్నని ఎలా కొట్టి చంపాడో అతనిచేతే చేయించి చూస్తారట."

"చేయనిదాన్ని ఎలా చేసి చూపిస్తాడు మేడమ్?" అక్క చేతిలోని తువ్వాలు ముద్దయిపోయింది. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లల్లో ఆమె పెద్దది. తమ్ముళ్లతో పాటు వాళ్ల కస్టమర్లు కూడా ఆమెను అక్కా అనే పిలుస్తారు. "నిన్న స్టేషన్లో చూశాను. చెవిలోంచి నెత్తురు కారుతోంది వాడికి. 'అక్కా, సంతకం పెట్టేస్తానే, ఇంక నావల్ల కాదు' అన్నాడు. ఇవాళ ఇంకోసారి చెయ్యి పడితే పెట్టేస్తాడు. పెద్దాణ్ణి ఎలాగూ పోగొట్టుకున్నాను. వీణ్ణి కూడా నా చేతులారా సాగనంపలేను."

"అమ్మాయ్, తువ్వాలు నలుగుతోంది," అన్నాడు తండ్రి.

అక్క తువ్వాలు వదిలేసింది. ఆయన దాన్ని సాపు చేసి మడిచి, కింద నుంచి మేజోళ్ల ఉండ తీశాడు. విప్పాడు. ఒక మేజోడు ఉంచుకుని రెండోది పక్కకు విసిరాడు. "జత కాదు ఇది," అని గొణిగాడు. తర్వాత జేబులోంచి పాత బొత్తాల ఫోను తీసి, బొటనవేలితో టకటకా ఏదో నొక్కి మళ్లీ జేబులో వేసుకున్నాడు.

విసిరిన మేజోడు డిటెక్టివ్ కాలి దగ్గర పడింది. ఆమె వంగి తీసి, కిటికీ వెలుతురులో ఒకసారి చూసి మంచం మీద పెట్టింది.

"పైకి వెళ్దామా అక్కగారూ?" అంది. "వాళ్లు వచ్చేలోగా చూడాల్సింది చూసేస్తాను."

*

పైగది తలుపు దగ్గరున్న కానిస్టేబుల్ ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడు. ఆమెను చూసి, వీధిలో ఏదో చప్పుడైనట్టు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

నెత్తురు ఎండి నల్లబడింది. గది మధ్యలో కుర్చీ పడి ఉంది. కుర్చీ నుంచి తలుపు దాకా నేల మీద వెడల్పాటి చార. తలుపుకు జానెడు దూరంలో ఆ చార ఆగి మడుగైంది. గోడకు ఉండాల్సిన నిప్పునార్పే సిలిండరు స్థానంలో ఖాళీ కొక్కెం ఉంది. ఆ ఎర్ర సిలిండరుతోనే కొట్టారు.

డిటెక్టివ్ చార పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది.

"మొదటి దెబ్బ కుర్చీలో ఉండగా, వెనక నుంచి పడింది. రెండోది లేవబోతుంటే. మనిషి చావలేదు. మోచేతుల మీద ఇక్కడిదాకా పాకాడు." ఆమె తలుపు కింది చెక్క మీది చుక్కల్ని చూపించింది. "ఇవి కింద నుంచి పైకి చిమ్మాయి. పడిపోయినవాడి మీదికి వంగి, రెండు చేతులతో ఎత్తి వేసిన దెబ్బ. కోపం మొదటిదాంట్లోనే అయిపోయింది అక్కగారూ. మూడోది కోపం కాదు."

అక్క గోడ పట్టుకుంది. కానీ బయటికి పోలేదు.

"మీరెక్కడున్నారు ఆ టైముకి?"

"లిఫ్టులు చేసే కంపెనీలో. వాళ్ల మీటింగ్ గదిలో కెమెరా కూడా ఉంది, చూసుకోండి."

"చూశాను. మీ చిన్న తమ్ముడు?"

"యూపీఎస్ బ్యాటరీ మార్పించడానికి బజారుకు వెళ్లాడు. వచ్చేసరికి ఇది. సిలిండరు పెద్దాడి మీద నుంచి తీసింది వీడే, ఎత్తుకుని కిందికి మోసింది వీడే. వేలిముద్రలన్నీ వీడివే, చొక్కా అంతా నెత్తురే. ఇంకేం కావాలి ఆ ఇన్‌స్పెక్టర్‌కి?"

"ఇంకోటి కూడా ఉంది. హత్య జరిగాక మీ చిన్న తమ్ముడి కంప్యూటర్లో ఒక ఫైలు మార్చి సేవ్ చేశారు."

"వాడు ఎప్పుడూ తాళం వేయడు మేడమ్. తెరిచి వదిలేసి పోతాడు. ఎవరైనా కూర్చోవచ్చు."

"అయితే ఆ ఎవరైనా ఏం మార్చారో చూద్దాం."

అక్కా తమ్ముళ్లు ముగ్గురూ చేసేది ఒకే పనిముట్టు. ఒక ప్రోగ్రాం అంటే వందల ఫైళ్లు. ఏది ముందు కట్టాలి, ఏది దేని మీద నిలబడాలి, ఏది మారింది కాబట్టి ఏది మళ్లీ కట్టాలి, ఇదంతా చూసుకునే పనిముట్టు అది. ఆ ఇంట్లో దాని ముద్దుపేరు మేస్త్రి. మేస్త్రి చేతి కింద చిన్న చిన్న ఫంక్షన్లు, సి భాషలో రాసినవి. వాటిని కూలీలంటారు. ఒక కూలీ ఫోల్డరు పేరుకు ఫైలు పేరు అతుకుతాడు. ఇంకొకడు ఏది పాతదో ఏది కొత్తదో చూసి చెబుతాడు. ఒకడు మిగిలిన చెత్త ఊడుస్తాడు. ఒక్కొక్కడికీ ఒక్కటే పని. లిఫ్టులు చేసేవాళ్లూ, ఆసుపత్రులకు ఊపిరి మిషన్లు చేసేవాళ్లూ తమ ప్రోగ్రాములన్నీ ఈ మేస్త్రి చేతే కట్టించుకుంటారు. మొట్టమొదట దాన్ని రాసింది తండ్రి. కొడుకులు దాన్ని పూర్తిగా తిరగరాశారు.

"కట్టబోయే ముందు ప్రతి ఫైలుకీ మేస్త్రి ఒక నకలు తీసి దాస్తుంది," అంది అక్క, కంప్యూటర్ ముందు కూర్చుని. "ఇది పోలీసులకు చెప్పాను. వినలేదు."

పాత నకలూ ఇప్పటి ఫైలూ పక్కపక్కన తెరిచింది. తేడా రెండు చోట్ల ఉంది. కింద ఒక కూలీని మొత్తంగా తుడిచేశారు. పైన, దానికీ దీనికీ సంబంధం లేని ఇంకో కూలీలో ఒక చిన్న మార్పు.

తుడిచేసినదాన్ని అక్క చదువుతోంది. చదువుతున్నకొద్దీ ఆమె వీపు నిటారైంది.

"ఇది మాది కాదు మేడమ్. ఇది ఎప్పుడూ చూళ్లేదు నేను. మేస్త్రి ఏది కట్టినా ఇది వెళ్లి అందులో నాలుగు లైన్లు దూరుస్తుంది. ఆ నాలుగు లైన్లూ ప్రతి ఉదయం బయట ఒక అడ్రసుకు పోయి, ఒక మాట వచ్చిందా అని చూస్తాయి. వస్తే సరి. రాకపోతే..." ఆమె ఆ లైన్లు మళ్లీ చదివింది. "రాకపోతే ఆ ప్రోగ్రాం నిద్రపోతుంది. లిఫ్టయితే లిఫ్టు. ఊపిరి మిషనైతే ఊపిరి మిషను."

"మీ పెద్ద తమ్ముడు ఇది కనిపెట్టాడు. పెట్టినవాడు వచ్చి చంపి, దీన్ని తుడిచేశాడు. ఆ అడ్రసు ఎవరిదో తేలేసరికి చాలా రోజులు పడుతుంది, ఇన్‌స్పెక్టర్ అంతవరకు ఆగడు. పైది చెప్పండి. ఆ చిన్న మార్పు?"

అక్క దాన్ని చూసి కళ్లు చిట్లించింది. "ఇది చిన్నాడు ఆ పొద్దున రాసింది. రెండు పేర్లు అతికే కూలీ. వాడెప్పుడూ చేసే తప్పే చేశాడు. సున్నాకి గది పెట్టలేదు."

"అంటే?"

"సి లో ఒక పేరు ఎక్కడ అయిపోయిందో తెలియడానికి చివర ఒక సున్నా నిలబడుతుంది. పేరులో పది అక్షరాలుంటే పదకొండు గదులు అడగాలి. పది అడిగితే సున్నా పోయి పక్కవాడి గదిలో కూర్చుంటుంది. ఆ రోజుకి ఏమీ కాదు. ఏదో ఒకరోజు అంతా కూలుతుంది." ఆమె తన కుడిచెయ్యి చాపింది. వేళ్ల కణుపుల మీద తెల్లటి గీతలు. "చిన్నప్పుడు నాన్న నేర్పేటప్పుడు పడ్డవి ఇవి. ఇనప స్కేలు, అంచు వైపు. చిన్నాడి చెయ్యి చూస్తే మీరు జడుసుకుంటారు. అయినా వాడికి రాలేదు."

"ఇప్పటి ఫైల్లో ఆ తప్పు లేదు."

"లేదు. ఎవరో ఒకటి కలిపారు." అక్క ఆగింది. "కానీ ఒకటి ముందు రాసి, తర్వాత పొడవు కూడారు. మా ముగ్గురిలో ఎవరం అలా రాయం. ఒకటిని చివరే కలుపుతాం."

పక్కనే టేబుల్ మీద ఆనాటి కీబోర్డు పాలిథీన్ సంచిలో, పోలీసుల టేపుతో ఉంది. డిటెక్టివ్ దాన్ని వెలుతురు వైపు తిప్పింది. మీటల మీద నెత్తురు చాలాచోట్ల చిమ్మి ఉంది. కానీ కొన్ని మీటల మీద మాత్రం చిమ్మినట్టు లేదు, అద్దినట్టుంది. తుడిచే మీట. సేవ్ చేసే మీటలు. అంకె ఒకటి. కూడిక గుర్తు.

మనిషిని చంపి, తడి ఆరని చేతులతో కూర్చుని, తన రహస్యం తుడుచుకుంటూ, మధ్యలో పైన కనబడిన ఇంకొకరి తప్పు దిద్దాడు. అవసరం ఉండి కాదు. చూస్తూ ఊరుకోలేక.

డిటెక్టివ్ తన జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి ఆ పాత నకలును అందులోకి ఎక్కించుకుంది. తర్వాత, "ఆ తప్పు మళ్లీ ఎలా ఉండేదో అలా పెట్టండి," అంది. "అక్షరాలు పెద్దవి చేయండి."

*

మెట్ల మీద బూట్ల చప్పుడుకంటే ముందు ఇన్‌స్పెక్టర్ గొంతు పైకొచ్చింది.

"ఏంటి మేడమ్ గారూ, ఉద్యోగం పోయినా ఊరేగింపు మానలేదా?"

అతని వెనక ఇంకో కానిస్టేబుల్ చిన్నాణ్ణి రెక్క పట్టుకుని తెచ్చాడు. చిన్నాడికి పాతికేళ్లుంటాయి. ఎడమ కన్ను మూసుకుపోయింది. కింది పెదవి చీలి రెండయింది. చేతులకు బేడీలు, కాళ్లకు చెప్పుల్లేవు. అక్కను చూసి నవ్వబోయాడు. పెదవి మీద నెత్తురు కొత్తగా ఊరింది.

"అతని చెవికి డాక్టరుని చూపించారా?" అంది డిటెక్టివ్.

"బాత్‌రూంలో జారి పడ్డాడు."

"మీరు ఏ స్టేషన్లో ఉన్నా అక్కడి బాత్‌రూంలో మనుషులు భలే పడతారండీ. నేనున్నప్పుడు ఒకడు పడి లేవనే లేదు."

ఇన్‌స్పెక్టర్ మొహంలో నవ్వు పోయింది. ఆ లేవని మనిషి గురించి నోరు విప్పినందుకే ఆమె ఉద్యోగం పోయింది. అతనికి మాత్రం పక్క స్టేషన్‌కు బదిలీ, ఏడాదికి ప్రమోషను.

"మాటలు చాలు. ఒరేయ్, రా ఇటు." చిన్నాణ్ణి మెడ పట్టి మడుగు దగ్గరికి తోశాడు. "ఇక్కడ నిలబడు. ఎలా ఎత్తావు? ఎలా వేశావు? చేసి చూపించు."

"నేను చేయలేదు సార్."

చెంప మీద దెబ్బకు గది మోగింది. చిన్నాడు మోకాళ్ల మీద కూలాడు. ఇన్‌స్పెక్టర్ బూటు అతని బేడీల మీద పెట్టి తొక్కాడు. ఇనుము మణికట్టులోకి దిగి చిన్నాడు కేక పెట్టాడు.

"చేశావా, చేయలేదా?"

"ఆపండి!" డిటెక్టివ్ ముందుకొచ్చింది. "ఒక్క పని చేయించండి, తర్వాత మీ ఇష్టం. ఫైలు మార్చింది ఇతనే అంటున్నారు కదా. అందులో మార్పులు రెండు. తుడిచేసింది ఒకటి, ఒక తప్పు దిద్దింది ఒకటి. ఆ తప్పు ఏమిటో ఇతన్ని అడగండి. హంతకుడికి తెలుసు. ఇతనికి తెలిస్తే నేను ఇప్పుడే దిగిపోతాను."

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుళ్ల మొహాలు చూశాడు. వాళ్లు వింటున్నారు. "కానీ, చూద్దాం మీ గారడీ," అన్నాడు.

చిన్నాణ్ణి లేపి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. అతను ఒంటికంటితో తెరను చూశాడు. వాచిన వేళ్లు కొత్త కీబోర్డు మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"ఇది నేను రాసిందే కదా అక్కా."

"ఏదైనా తప్పుందేమో చూడు నాన్నా."

చాలాసేపు చూశాడు. పెదవి మీది నెత్తురు చుక్క కీబోర్డు మీద పడింది. "పేరు ఖాళీగా వస్తే ఏం చేయాలో రాయలేదు. అదేనా?" అన్నాడు భయంగా. నిండా పదేళ్లు లేని పిల్లవాడు పలక చూపించినట్టుంది అతని గొంతు.

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇతనికి ఇప్పటికీ తెలీదు," అంది డిటెక్టివ్.

"నటిస్తున్నాడు!" ఇన్‌స్పెక్టర్ చిన్నాడి జుట్టు పట్టి తలను టేబుల్ అంచుకేసి కొట్టాడు. ఎముక తగిలిన చప్పుడు. రెండోసారి ఎత్తేసరికి డిటెక్టివ్ అతని మోచెయ్యి ఒడిసి పట్టింది. అతను వెనుదిరక్కుండానే వెనకచేత్తో ఆమె నోటి మీద కొట్టాడు. ఆమె గోడకు తగిలి, పన్ను పెదవిలో దిగి, నోరంతా ఉప్పగా అయింది. చిన్నాడు కుర్చీలోంచి జారి నేలమీద పడ్డాడు. "సంతకం పెడతావా లేదా? చెప్పు! పెడతావా?"

"పెడతాను సార్... పెడతాను... కొట్టకండి..."

అప్పుడు మెట్ల మీద మెల్లగా అడుగులు వినబడ్డాయి.

ముసలాయన ఒక చెయ్యి గోడకు రాస్తూ పైకొచ్చాడు. కానిస్టేబుళ్లు దారిచ్చారు. కొడుకు ఏడుపు విని వచ్చాడనుకున్నారు అందరూ. ఇన్‌స్పెక్టర్ కూడా చెయ్యి దించాడు.

డిటెక్టివ్ మాత్రం ఆయన కాళ్లను చూస్తోంది. గుమ్మంలో కంప్యూటర్ వైరు అడ్డంగా పడి ఉంది. ఆయన పాదం దానికి తగల్లేదు. కొంచెం ఎత్తి, దాటి, అవతల పెట్టాడు.

ఆమెకు ఇందాక కాళ్ల దగ్గర పడిన మేజోడు గుర్తొచ్చింది. మంచం మీద ఉన్నది నలుపు. విసిరేసింది ముదురు నీలం. రెండూ ఒకే బట్ట, ఒకే నేత. చేత్తో తడిమితే తేడా తెలీదు. కిటికీ వెలుతురులో పెట్టి చూస్తేగాని ఆమెకే తెలియలేదు.

ఆమె నోట్లో నెత్తురు మింగి, పక్కకు జరిగి, మానిటర్‌ను ఒక్క జానెడు గుమ్మం వైపు తిప్పింది.

"నాన్నా," అన్నాడు చిన్నాడు నేల మీద నుంచి. బేడీల చేతులు ఎత్తాడు. "నాన్నా, చెప్పు నాన్నా వీళ్లకి."

ముసలాయన ముందుకొచ్చాడు. నల్లద్దాల వెనక మొహం కదలడం లేదు. రెండడుగులు వేసి, కొడుకు దగ్గర ఆగాడు. కొడుకు కాళ్లు దారికి అడ్డంగా చాపి ఉన్నాయి. వాటిని కూడా, వైరును దాటినట్టే, దాటాడు.

టేబుల్ మీదికి వంగాడు. దవడ కండరం ఒకటి లోపల కొట్టుకుంటోంది.

"ఎన్నిసార్లు," అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు."

రెండే వేళ్లతో, మీటలు వెతక్కుండా, ఒకటి నొక్కాడు. కూడిక గుర్తు నొక్కాడు. తెర మీద, పొడవు కంటే ముందు, ఒకటి వచ్చి నిలబడింది.

మొదట కదిలింది అక్క. తెరను చూసింది. ఒకటి ఎక్కడుందో చూసింది. ఆమె గొంతులోంచి మాట కాని ఒక చప్పుడు వచ్చింది.

"ముసలాయనా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా, "నీకు కళ్లు కనబడతాయా?"

తండ్రి నడుం నిటారు చేశాడు. తన వేళ్ల వైపు చూసుకున్నాడు. అవి ఏం చేశాయో అప్పుడే తెలిసినట్టుంది. తర్వాత నల్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కనబడకపోతే ఇంట్లో అందరూ మన ముందే అన్నీ మాట్లాడుకుంటారు," అన్నాడు. "సుఖంగా ఉండేది."

"మీ పెద్దబ్బాయి ఏమన్నాడు ఆ రోజు?" అంది డిటెక్టివ్.

"ఇదేంటి నాన్నా అన్నాడు. మేస్త్రిని పుట్టించింది నేను, నన్ను కాదని ఇది ఒక్కరోజు కూడా నడవకూడదు, అందుకే పెట్టానన్నాను. కస్టమర్లందరికీ చెప్పేస్తానన్నాడు. కుర్చీ అటు తిప్పుకుని, నాకు వీపు చూపించి అన్నాడు ఆ మాట."

"మూడో దెబ్బ? అప్పటికే పడిపోయాడు కదా."

"ఇంకా మాట్లాడుతున్నాడు."

అక్క రెండు చేతులతో చెవులు మూసుకుంది. "చిన్నాణ్ణి..." అంది. "వీణ్ణి చంపుతుంటే చూస్తూ... బట్టలు మడతపెడుతూ కూర్చున్నావా నాన్నా?"

"వాణ్ణి నేను పట్టించలేదు. వాళ్లు పట్టుకెళ్లారు," అన్నాడు తండ్రి. అందులో తన తప్పు లేదని నిజంగానే నమ్ముతున్నట్టుంది ఆ గొంతు.

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ వైపు చూడకుండా కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. చిన్నాడి బేడీలు ఊడాయి. మణికట్టు చుట్టూ ఎర్రటి గాడి. అవే బేడీలు తండ్రి దగ్గరికి వచ్చాయి.

"వేయండి," అన్నాడు ముసలాయన చేతులు చాపి. "కానీ ఒకటి చెబుతాను వినండి. ఫైల్లోంచి తుడిచాను, అంతే. ఇదివరకు కట్టినవాటిలో ఆ నాలుగు లైన్లూ అలాగే ఉన్నాయి. రోజూ పొద్దున్న నేను ఒక మాట పంపాలి. ఇవాల్టిది పంపేశాను."

డిటెక్టివ్‌కు బొత్తాల ఫోను గుర్తొచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఆయన జేబులో చెయ్యి పెట్టి దాన్ని లాగేశాడు.

"ఫోను తీసుకోండి, ఫోనులో ఏముంది? రోజుకో కొత్త మాట. అది ఇక్కడుంది." నుదురు చూపించాడు. "రేపు పొద్దున్న నేను ఎక్కడుంటానో మీరే ఆలోచించుకోండి. లాకప్‌లో ఉన్నవాడికి మాటలు గుర్తుండవు."

"వెనక వీధి ఆసుపత్రిలోనే ఆ మిషన్లు ఒక వార్డంతా ఉన్నాయి," అంది అక్క. "పసిపిల్లల వార్డు."

ఇన్‌స్పెక్టర్ చేతిలో బేడీలు గాల్లో ఆగిపోయాయి. జీవితంలో మొదటిసారి ఎవరిని కొట్టాలో తెలియని మనిషిలా నిలబడ్డాడు.

"ఆ లైన్లు విప్పి, మిషన్లోంచి పీకేయడం తెలిసినవాడు ఒక్కడే ఉండేవాడు. పెద్దాడు," అన్నాడు తండ్రి.

చిన్నాడు టేబుల్ కాలు పట్టుకుని లేచాడు. తెర దగ్గరికి వచ్చి, పాత నకల్లో ఆ తుడిచేసిన కూలీని పైనుంచి కింది దాకా ఒకసారి చదివాడు. పెదవులు కదులుతున్నాయి. డిటెక్టివ్ పెన్ డ్రైవ్ తీసి, "ఇదంతా ఇందులో ఉంది," అంది. అతను చెయ్యి చాపాడు.

కణుపుల మీద తెల్లగీతలు ఒకదాని మీద ఒకటి, లెక్కపెట్టడానికి లేకుండా ఉన్నాయి. ఆమె పెన్ డ్రైవ్ ఆ అరచేతిలో పెట్టింది.

"నువ్వా?" తండ్రి నవ్వాడు. "సున్నాకి గది పెట్టడం రానివాడివి, నువ్వు పీకుతావురా నేను కట్టినదాన్ని?"

చిన్నాడు మెట్లు దిగాడు. అందరూ వెనకే దిగారు. కానిస్టేబుల్ అడ్డం పడబోతే డిటెక్టివ్ అతని భుజం మీద చెయ్యి వేసింది. ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు చూశాడు. పెదవి తుడుచుకుంటూ ఆమె అతన్నే చూస్తోంది. అతను చూపు తిప్పుకుని, తండ్రి చేతులకు బేడీలు వేసి తాళం తిప్పాడు.

కింది గదిలో మంచం మీద బట్టలు నాలుగు దొంతులుగా, అంచు అంచూ కలిసి, ఇటుకల్లా ఉన్నాయి. చిన్నాడు ఒంటి మీది చొక్కా విప్పి మంచం కింద పడేశాడు. వీపంతా లాఠీ చారలు, ఊదారంగుకు తిరిగినవి. దొంతి అడుగున అన్న చొక్కా ఉంది. దాని కాలరు పట్టి లాగాడు. దొంతి కూలింది. పక్క దొంతినీ కూల్చుకుంటూ నేల మీద పడింది. తువ్వాళ్లూ మేజోళ్లూ అన్నీ చెల్లాచెదురయ్యాయి. వాటి మీదే అడుగేసి గుమ్మం దగ్గరికి నడిచాడు, చొక్కా తొడుక్కుంటూ. వాచిన వేళ్లతో గుండీలు పెట్టుకున్నాడు. ఒక కాజా తప్పిపోయింది. చొక్కా ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి వేలాడింది.

తండ్రి బేడీల చేతులు వాటంతటవే లేచాయి.

"ఒరేయ్, గుండీ తప్పు పెట్టుకున్నావురా. గుండీ. ఒరేయ్, నిన్నే!"

అన్న చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. చిన్నాడు వాటిలో కాళ్లు పెట్టాడు. వెనక్కి తిరగలేదు, గుండీ సరిచేసుకోలేదు. పెన్ డ్రైవ్ పిడికిట్లో బిగించి, ఆసుపత్రి వైపు వెళ్లిపోయాడు.